మార్చి 31 గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ మార్చి 31 గారికి,

దేశంలోని పరిశోధనశాలలు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఆర్థిక సంవత్సరం ముగిసే రోజుగా తమరు వచ్చేది ఏడాదికి ఒక్క రోజే గానీ, ఇక్కడ ప్రయోగాలు సాగేదీ ఆగేదీ తమ రాకను బట్టే.

ఒక మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు సంగతే చూడండి. ఏప్రిల్‌లో రావాల్సిన ప్రభుత్వ గ్రాంటు విడత నవంబరులో వస్తుంది. ఆపైన ఇండెంటు (కొనుగోలు అర్జీ), ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టల్‌లో వెతుకులాట, స్పెసిఫికేషన్లు, టెండరు. గడువు మూడు వారాలకు తగ్గకూడదు. తర్వాత టెక్నికల్ బిడ్లు విప్పాలి, కమిటీ కూర్చోవాలి, ఆ రోజు ఆర్థిక విభాగం మనిషి సెలవులో ఉండకూడదు. ఆ తర్వాతే ధరల కవరు. ఆర్డరు బయటికి వెళ్లేసరికి కనుమ దాటిపోతుంది. విదేశీ తయారీదారు పన్నెండు వారాలంటాడు. వేళ్ల మీద లెక్కేసినా ఏప్రిల్ రెండో వారం. తమరేమో అప్పటికే వచ్చి, జీరో బ్యాలెన్స్ ఖాతాలో మిగిలిన లిమిట్‌ను (ఖర్చు చేసుకోమని ఇచ్చిన మేరను) అర్ధరాత్రి ఊడ్చుకుని వెళ్లి ఉంటారు.

మరుసటి విడత కావాలంటే వినియోగ ధ్రువపత్రం పెట్టాలి, ప్రభుత్వ ఆర్థిక నియమాల (జీఎఫ్‌ఆర్) ఫారం 12-ఎలో. ఫ్రీజరు ఆర్డరిచ్చాం, ఇంకా రాలేదంటే అది ‘కమిటెడ్’ కింద పోతుంది, ఖర్చు కింద రాదు. ‘ఇచ్చిందే వాడుకోలేదు, మళ్లీ ఎందుకు?’ అని పైనుంచి ప్రశ్న. ఇచ్చిందెప్పుడని మాత్రం ఎవరూ అడగరు.

అందుకే ఫిబ్రవరి వచ్చిందంటే ల్యాబుల్లో సైన్సే మారిపోతుంది. ఏది కావాలన్న మాట పోయి, మార్చి 20లోపు బిల్లుతో సహా ఏది దొరుకుతుందన్న మాట మొదలవుతుంది. పసుపు పిపెట్ టిప్పులు (ద్రవాలు కొలిచి తీసే గొట్టాల మొనలు) దొరుకుతాయి, సంచికి వెయ్యి. బీరువాల మీద టిప్పులు, బల్లల కింద టిప్పులు, ఫ్యూమ్ హుడ్ పక్కన టిప్పులు. వాటితో తీసిన నమూనాలు దాచడానికి ఫ్రీజరే లేదు. పోనీ ఎంజైములు కొని లెక్క చూపిద్దామంటే అవి డ్రై ఐస్‌లో రావాలి. కస్టమ్స్‌లో నాలుగు రోజులు పడి ఉంటే ఐసు ఆవిరి, ఎంజైము గంగపాలు. (కస్టమ్స్ అంటే గుర్తొచ్చింది: 2024 జులై బడ్జెట్‌లో ల్యాబు రసాయనాల మీద సుంకం 10 నుంచి 150 శాతానికి ఎక్కింది. గగ్గోలు పుట్టాక పదిరోజులు తిరక్కుండానే దిగింది. ఆ పాపం తమది కాదు లెండి.)

మనుషుల సంగతీ అంతే. పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలని ఉత్తర్వు. నెలకు ఎంతో రాశారు గానీ, ఏ నెలలో అన్నది రాయలేదు.

విచిత్రమేమంటే, జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లోని 62వ నిబంధన ఏడాది చివర్లో ఎగబడి ఖర్చు చేయడం ఆర్థిక మర్యాదకు భంగమంటుంది. నవంబరులో డబ్బు పంపడం ఏ మర్యాదో చెప్పదు.

తమ కీర్తి విధాన పత్రాల దాకా పాకింది. పరిశోధనకు జీడీపీలో 2 శాతమని 2003 సైన్స్ విధానం పదో పంచవర్ష ప్రణాళిక చివరికల్లా మాటిచ్చింది. ఆ ప్రణాళిక 2007లో తమ చేతుల మీదుగానే ముగిసింది. 2013 విధానం అదే 2 శాతాన్ని దులిపి మళ్లీ పెట్టింది. 2020-21 లెక్క 0.64 శాతం. ఇప్పుడు పరిశోధనలకు నిధులిచ్చే అనుసంధాన్ సంస్థకు 2023-28 మధ్య 50,000 కోట్లన్నారు; అందులో సుమారు 36,000 కోట్లు ప్రభుత్వేతర వర్గాల నుంచి రావాలట. పెళ్లి మనదే, భోజనాలు మాత్రం చుట్టాలు పట్టుకురావాలి.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. 2025 జూన్‌లో పరిశోధన సామగ్రికి జెమ్ తప్పనిసరి కాకుండా సడలించారు, కొటేషన్ లేకుండా కొనే పరిమితిని 2 లక్షలు, టెండరు లేకుండా కమిటీ ద్వారా కొనే పరిమితిని 25 లక్షలు చేశారు. మేలే జరిగింది. దారి కురచైంది గానీ డబ్బు బయల్దేరే వేళ మారలేదు.

మేం తమర్ని రద్దు చేయమనడం లేదు. ప్రాజెక్టు ఏడాదిని డబ్బు ఖాతాలో పడిన రోజు నుంచి లెక్కించనివ్వండి, కమిటెడ్ సొమ్మును ఆరు నెలలు మా దగ్గరే ఉండనివ్వండి. అంతే.

ఇట్లు,
పరిశోధనశాలల తరఫున, మంజూరైన ఒక ప్రాజెక్టు

తా.క.: ఫ్రీజరు ఏప్రిల్ 9న విమానాశ్రయంలో దిగింది. విడిపించడానికి ఖాతాలో డబ్బు లేదు, డెమరేజి (సరుకు సకాలంలో విడిపించకపోతే పడే రుసుం) నడుస్తోంది. ఆ పద్దు ఏ హెడ్డులో వేయాలో సెలవివ్వగలరు.