క్రమశిక్షణ డ్యూటీకే పరిమితం చేస్తే ఎలా?

అమెరికాలో నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) మగ టీచర్లను ప్రిన్సిపాళ్లుగా తీర్చిదిద్దాలంటూ వచ్చిన వ్యాసం చదివాను, బాగుంది. కానీ అసలు అడ్డంకిని పైపైన తడిమి వదిలేశారు. చాలాచోట్ల నల్లజాతి టీచరు చేరగానే అల్లరి పిల్లలందర్నీ ఆయన గదికే పంపుతారు, లంచ్ టైములో కారిడార్ కాపలా కూడా ఆయనదే. బడ్జెట్ ఎలా వేయాలో, తోటి టీచరు క్లాసు చూసి ఏం చెప్పాలో నేర్పేవాళ్లుండరు. తీరా ప్రిన్సిపాల్ పోస్టు పడితే అనుభవం లేదంటారు!

నల్ల, తెల్ల పిల్లలకు వేర్వేరు ప్రభుత్వ బడులు చెల్లవన్న అమెరికా సుప్రీంకోర్టు 1954 బ్రౌన్ తీర్పు తర్వాత బడులు కలిపినప్పుడు అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో వేలమంది నల్లజాతి టీచర్ల, ప్రిన్సిపాళ్ల ఉద్యోగాలు ఊడాయి. దారి చూపాల్సిన పెద్దలు అప్పుడే దూరమయ్యారు. క్లెమ్సన్ యూనివర్సిటీలో 2000లో మొదలైన 'కాల్ మీ మిస్టర్' లాంటి శిక్షణ కార్యక్రమాలు ఇలాంటి మగ టీచర్లను తయారుచేస్తున్నాయి, సంతోషం. అలా వచ్చినవాళ్లను ఓ మంచి ప్రిన్సిపాల్ దగ్గర ఏడాదిపాటు జీతమిచ్చి పని నేర్చుకోనివ్వాలి. అక్కడ స్థానికంగా ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్టులు ముందు దానికి డబ్బు కేటాయించాలి.