మూడు కొటేషన్లూ ఒకే షాపువి

సర్కారు ఆఫీసుకి చిన్న వస్తువు కొనాలన్నా మూడు కొటేషన్లు కావాలంటారు కదా, ఆ మూడు లెటర్‌హెడ్లూ ఒకే షాపు సొరుగులో ఉంటాయని బెజవాడలో బిజినెస్ చేసే ఎవర్నడిగినా నవ్వుతూ చెప్తారు. ఫైలు మాత్రం పర్ఫెక్ట్.

పెద్ద టెండర్లు కాస్త నయమే. టెండర్ బాక్స్ దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి వేరేవాళ్లని షెడ్యూల్ వెయ్యనివ్వని రోజులుండేవి, 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ (ఆన్‌లైన్లో టెండర్లు వెయ్యడం) వచ్చాక ఆ గొడవ చాలావరకు పోయింది (కాంట్రాక్టర్లు కూడబలుక్కునే రింగులు ఫోన్లలోకి మారాయి, అది వేరే సంగతి).

నా గొడవల్లా రేట్లు ఓపెన్ చేసేటప్పటి పోటీ గురించి కాదు, అంతకుముందే ఎవర్ని బయట నిలబెడుతున్నాం అన్నదాని గురించి. ఆటోనగర్‌లో మా బాబాయికి వెల్డింగ్ షెడ్డుంది, స్కూలు బెంచీలు చేస్తాడు. మూడేళ్ల టర్నోవర్ ఇంత, ఇదే సరుకు ఇంతకుముందు ఇన్ని లక్షలకి సప్లై చేసుండాలి అని కండిషన్ పెడితే ఆయన ఈఎండీ (టెండర్‌తో కట్టే డిపాజిట్) దాకా కూడా పోడు, చివరికి ఎల్-వన్ (అందరికంటే తక్కువ రేటు) వచ్చిన కంపెనీ తెచ్చి ఆ బెంచీలు ఆయనకే చెయ్యమంటుంది, మధ్యలో మార్జిన్ వాళ్లకి, ఆ మార్జిన్ కట్టేది మనం. కేంద్రం కొనుగోలు నియమాల్లో చిన్న పరిశ్రమలకి, స్టార్టప్‌లకి అనుభవం, టర్నోవర్ సడలించొచ్చని ఉంది, కానీ "సడలించొచ్చు" అన్నాక సడలించకపోవచ్చు కూడా కదా.

ఇంకోటి బిల్లు. చిన్న సప్లయర్లకి 45 రోజుల్లోపు డబ్బివ్వాలని 2006 చట్టమే చెప్తోంది, అయినా ఏడాది ఆగాల్సొస్తుందేమో అన్న భయంతో వడ్డీ కూడా కలిపి రేటు వేస్తారు, వడ్డీ భరించలేనోడు అసలు రాడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రివర్స్ టెండరింగ్‌తో (వచ్చిన తక్కువ రేటు మీద మళ్లీ వేలం పెట్టి ఇంకా తగ్గించడం) పాటు, 100 కోట్లూ ఆపైన పనుల టెండర్ డాక్యుమెంట్ ముందే జడ్జి చూసే జ్యుడీషియల్ ప్రివ్యూ తెచ్చారు, 2024లో రెండూ తీసేశారు. మొదటిది పోతే నాకేం బాధ లేదు, రెండోది మాత్రం ఉండాల్సింది, ఎందుకంటే అందులో కండిషన్ల మీద జనం కూడా అభ్యంతరం చెప్పే వీలుండేది, టెండర్ పిలవకముందే. నన్నడిగితే 100 కోట్ల లిమిట్ బాగా తగ్గించి బెంచీల దాకా తేవాలి.

మొన్నొక నోటీసు బాబాయికి చూపించా. టర్నోవర్ లైను దాకా చదివి ఫోన్ తిరిగిచ్చేశాడు. "ఎవడికొచ్చినా మళ్లీ నాకే ఫోన్ చేస్తాడ్లేరా" అన్నాడు.