అవే గోల్ తీసేశాక 2019 ఛాంపియన్స్ లీగ్‌ను మళ్లీ చూస్తే

2019 మే 8. మనకు అప్పటికే తేదీ మారి తెల్లవారుజాము రెండున్నర కావస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయాక్స్, టాటెన్‌హామ్ జట్ల మధ్య ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్. ఇచ్చిన ఐదు నిమిషాల ఇంజురీ టైమ్ కూడా అయిపోయింది. మైదానంలో స్కోరు 2-2. లండన్‌లో మొదటి మ్యాచ్ అయాక్స్ 1-0తో గెలిచింది కాబట్టి మొత్తం మీద 3-2తో ముందుంది. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారని టీవీ సౌండ్ తీసేసి చూస్తున్నాను. దూరం నుంచి ఒక పొడవాటి బంతి వచ్చింది. డెలె అలీ దాన్ని మెల్లగా ముందుకు తోశాడు. లూకాస్ మౌరా ఎడమ కాలితో కొట్టాడు. ఆ రాత్రి అతనికి అది మూడో గోల్.

మొత్తం స్కోరు 3-3 అయింది. ఎక్స్‌ట్రా టైమ్ లేదు, పెనాల్టీలు లేవు. టాటెన్‌హామ్ నేరుగా ఫైనల్‌కు వెళ్లిపోయింది. అయాక్స్ ఆటగాళ్లు ఉన్నచోటే కూలబడిపోయారు. స్కోరు సమానమైనా ఒక జట్టు గెలిచి ఇంకో జట్టు ఓడిందంటే కారణం ఒక్కటే, అవే గోల్ నియమం. అంటే రెండు మ్యాచ్‌ల మొత్తం సమానమైతే, ప్రత్యర్థి మైదానంలో (బయట, ఇంగ్లిష్‌లో 'అవే') ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టుదే గెలుపు. టాటెన్‌హామ్ మూడు గోల్స్ కొట్టింది బయట. అయాక్స్ బయట కొట్టింది ఒకటే.

ఆ నియమం ఇప్పుడు లేదు. 2021 జూన్‌లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ దాన్ని రద్దు చేసింది. 2021-22 నుంచి యూరప్ క్లబ్ పోటీల్లో రెండు మ్యాచ్‌ల మొత్తం సమానమైతే ఎక్స్‌ట్రా టైమ్, అక్కడా తేలకపోతే పెనాల్టీలు. ఈ నిర్ణయం తప్పని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి 2018-19 సీజన్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

క్రికెట్ చూసేవాళ్లకు ఈ నియమం కొత్తగా అనిపించదు. రంజీ ట్రోఫీ నాకౌట్ మ్యాచ్ డ్రా అయితే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఉన్న జట్టు ముందుకు వెళ్తుంది. అందుకే అక్కడ డ్రా అనేది ఇద్దరికీ ఒకటి కాదు. ఆధిక్యం ఉన్నవాడికి అది గెలుపు, లేనివాడికి ఓటమి. వెనకబడినవాడు ఏదో ఒకటి చేయక తప్పదు. అవే గోల్ కూడా ఫుట్‌బాల్‌లో ఈ పనే చేసేది.

1965లో ఈ నియమం పెట్టినప్పుడు కారణాలు వేరు. అప్పట్లో యూరప్‌లో ఇంకో దేశానికి వెళ్లి ఆడటం కష్టమైన పని. ప్రయాణాలు పెద్దవి, మైదానాలు కొత్తవి. బయటకు వెళ్లిన జట్టు పదకొండు మందితో గోల్ ముందు కాపలా కాసి ఎలాగోలా బయటపడదామని చూసేది. స్కోర్లు సమానమైతే మూడో చోట ఇంకో మ్యాచ్ పెట్టాల్సి వచ్చేది. బయట కొట్టిన గోల్‌కు విలువ పెంచితే ఈ రెండు సమస్యలూ తగ్గుతాయని అనుకున్నారు.

ఇక 2018-19కి వద్దాం. ప్రిక్వార్టర్స్ నుంచి సెమీస్ దాకా రెండేసి మ్యాచ్‌ల పోరాటాలు మొత్తం 14. అందులో మూడు అవే గోల్ మీద తేలాయి. పారిస్ క్లబ్ పీఎస్‌జీపై మాంచెస్టర్ యునైటెడ్, మాంచెస్టర్ సిటీపై టాటెన్‌హామ్, మళ్లీ అయాక్స్‌పై టాటెన్‌హామ్. అసలు టాటెన్‌హామ్ గ్రూప్ దాటిందే ఈ నియమంతో. ఇంటర్ మిలాన్‌తో పాయింట్లు సమానంగా ఎనిమిది. ముఖాముఖి చూస్తే మిలాన్‌లో ఇంటర్ 2-1, లండన్‌లో టాటెన్‌హామ్ 1-0. అక్కడా సమానమే. మిలాన్‌లో ఓడిపోయిన మ్యాచ్‌లో ఎరిక్సెన్ కొట్టిన ఆ ఒక్క గోల్ చివరికి లెక్కకొచ్చింది. సెప్టెంబర్‌లో ఓడిన మ్యాచ్‌లో కొట్టిన గోల్ డిసెంబర్‌లో జట్టును నిలబెట్టింది. ఆ ఏడాది రెండు ట్రాన్స్‌ఫర్ విండోల్లోనూ ఒక్క ఆటగాడిని కూడా కొనని క్లబ్ అది.

నా వాదనకు అసలు బలం ఏప్రిల్ 17న మాంచెస్టర్‌లో జరిగిన క్వార్టర్ ఫైనల్. మొదటి మ్యాచ్ టాటెన్‌హామ్ 1-0తో గెలిచింది. రెండో మ్యాచ్‌లో మొదటి 21 నిమిషాల్లోనే ఐదు గోల్స్ పడ్డాయి. సిటీకి స్టెర్లింగ్ 4వ నిమిషంలో, టాటెన్‌హామ్‌కు సన్ 7లో, మళ్లీ సన్ 10లో, సిటీకి బెర్నార్డో సిల్వా 11లో, మళ్లీ స్టెర్లింగ్ 21లో. ఎన్నిసార్లు చూసినా ఆ ఇరవై నిమిషాలు నమ్మబుద్ధి కాదు. 59వ నిమిషంలో అగ్యురో కొట్టడంతో సిటీ 4-2, మొత్తం మీద 4-3. 73వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతి టాటెన్‌హామ్ ఆటగాడు లోరెంటే తుంటికి తగిలి లోపలికి వెళ్లింది. చేతికి తగిలిందా అని వీఏఆర్ (రిఫరీకి సాయపడే వీడియో రీప్లే) చూసి గోల్ ఇచ్చారు. మొత్తం 4-4.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఇవాళ్టి నియమం ప్రకారం 4-4 అంటే సమానం. మిగిలిన పదిహేడు నిమిషాలు రెండు జట్లూ తప్పు చేయకుండా ఉండటానికే చూస్తాయి. ఎలాగూ ఇంకో అరగంట ఉంది కదా అనుకుంటాయి. ఆ రోజు మాత్రం 4-4 అంటే సిటీ ఇంటికి పోయినట్టే. బయట కొట్టిన గోల్స్‌లో టాటెన్‌హామ్ 3, సిటీ 0. అందుకే కోచ్ గార్డియోలా సిటీ జట్టు మొత్తం మీదకు వచ్చింది. 93వ నిమిషంలో స్టెర్లింగ్ గోల్ కొట్టాడు, స్టేడియం ఊగిపోయింది. అంతలో వీఏఆర్. దాడి మొదలైన చోట అగ్యురో ఆఫ్‌సైడ్. గోల్ రద్దు. ఛాంపియన్స్ లీగ్‌లో వీఏఆర్ వచ్చింది ఆ ఏడాది ప్రిక్వార్టర్స్ నుంచే. అది నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు, ఆ వాదన వేరే రోజు చేసుకుందాం. సిటీ అంతగా తెగించడానికి, ఆ టెన్షన్‌కు కారణం అవే గోల్ అన్నదే ఇక్కడ విషయం.

నేను చెప్పదలచుకున్నది ఇదే. అవే గోల్ ఉన్నప్పుడు రెండో మ్యాచ్‌లో "సమానం" అనే పరిస్థితి చాలా అరుదు. దాదాపు ప్రతి నిమిషమూ ఎవరో ఒకరు ఓడిపోతూ ఉంటారు. ఓడిపోతున్నవాడు ముందుకు రావాలి. వాడు ముందుకు వస్తే వెనక ఖాళీ దొరుకుతుంది. ఆట తెరుచుకుంటుంది.

పారిస్‌లో మార్చి 6న జరిగిందీ ఇదే. సొంత మైదానంలో 0-2తో ఓడి, పోగ్బా రెడ్ కార్డుతో దూరమై, గాయాలతో సగం జట్టు లేకుండా యునైటెడ్ అక్కడికి వెళ్లింది. లుకాకు రెండు కొట్టాడు, మధ్యలో పీఎస్‌జీకి బెర్నాట్ ఒకటి కొట్టాడు. విరామానికి ఆ మ్యాచ్‌లో యునైటెడ్ 2-1, కానీ మొత్తం మీద 3-2తో పీఎస్‌జీ ముందు. ఇంకొక్క గోల్ పడితే పీఎస్‌జీ పని అయిపోయినట్టే. ఆ భయం రెండో సగమంతా ఆ జట్టు కాళ్లలో కనిపించింది. చివర్లో యునైటెడ్ ఆటగాడు దాలో కొట్టిన షాట్ పీఎస్‌జీ ఆటగాడు కింపెంబె చేతికి తగిలింది. వీఏఆర్ చూసి పెనాల్టీ ఇచ్చారు, ఇంజురీ టైమ్‌లో రాష్‌ఫర్డ్ తడబడకుండా కొట్టాడు.

ఇక లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో జరిగిన సెమీఫైనల్ రెండో మ్యాచ్. మే 7 రాత్రి బార్సిలోనాపై లివర్‌పూల్ 4-0. ఆ మ్యాచ్ అవే గోల్ మీద తేలలేదు కదా అంటారు. తేలలేదు, కానీ అది రాత్రంతా అక్కడే ఉంది. తన మైదానం క్యాంప్ నౌలో మొదటి మ్యాచ్ బార్సిలోనా 3-0తో గెలిచింది. మెస్సీ ఆ రోజు కొట్టిన ఫ్రీకిక్ ఆ క్లబ్‌కు అతని 600వ గోల్. లివర్‌పూల్‌కు సలా లేడు, ఫిర్మినో లేడు. ఒరిగి 7వ నిమిషంలో ఒకటి కొట్టాడు. గాయపడిన రాబర్ట్‌సన్ స్థానంలో విరామంలో వచ్చిన వైనాల్డమ్ 54, 56 నిమిషాల్లో రెండు కొట్టాడు. మొత్తం 3-3. 79వ నిమిషంలో అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కార్నర్ దగ్గర నుంచి వెళ్లిపోతున్నట్టే కనిపించి, వెనక్కి తిరిగి వచ్చి చటుక్కున బంతి వేశాడు. బార్సిలోనా ఆటగాళ్లు ఇంకా సర్దుకోనే లేదు. ఒరిగి నెట్‌లోకి పంపాడు.

అప్పటి నుంచి మ్యాచ్ అయ్యేదాకా లివర్‌పూల్ 4-3తో ముందున్నా ఊపిరి పీల్చుకోలేకపోయింది. బార్సిలోనా ఒక్కటి కొడితే 4-4, అవే గోల్‌తో వాళ్లదే ఫైనల్. అందరికీ తెలిసిన ఆ కార్నర్ కన్నా, ఆ తర్వాతి పది పన్నెండు నిమిషాలే నాకు ఎక్కువగా గుర్తున్నాయి. బార్సిలోనాకు ఇది కొత్త పాఠం కూడా కాదు. అంతకు ముందు ఏడాది రోమాపై 4-1తో గెలిచి, రోమ్‌లో 0-3తో ఓడి, అవే గోల్ మీదే ఇంటికి వెళ్లింది. ఈసారి సొంత మైదానంలో గోల్ ఇవ్వకుండా జాగ్రత్త పడింది. చాల్లేదు.

ఎదుటి పక్షం మాట కూడా నిజాయతీగా చెప్పాలి. యూఈఎఫ్ఏ చూపించిన లెక్కలు గట్టివే. 1970ల మధ్యలో యూరప్ పోటీల్లో సొంత గడ్డపై ఆడే జట్లు 61 శాతం మ్యాచ్‌లు గెలిస్తే బయటి జట్లు గెలిచింది 19 శాతం. రద్దు చేసే నాటికి అది 47, 30 అయింది. మంచి పిచ్‌లు, సులభమైన ప్రయాణాలు, టీవీ, వీఏఆర్ వల్ల బయట ఆడటం మునుపటిలా కష్టం కాదన్నది వాళ్ల వాదన. 2018-19 కూడా దీనికి సాక్ష్యం చెబుతుంది. సొంత మైదానంలో మొదటి మ్యాచ్ ఓడి, బయటకు వెళ్లి లెక్క తిరగరాసిన జట్లు ఆ సీజన్‌లో మూడు. పారిస్‌లో యునైటెడ్, మాడ్రిడ్‌లో 4-1తో గెలిచిన అయాక్స్, ఆమ్‌స్టర్‌డామ్‌లో టాటెన్‌హామ్. వరసగా మూడేళ్లు కప్పు గెలిచిన రియల్ మాడ్రిడ్ తన మైదానంలోనే కుప్పకూలింది. ఇల్లు కోటలా ఉండే రోజులు పోయాయన్నది ఒప్పుకోవాల్సిందే.

ఇంకో అభ్యంతరం, మొదటి మ్యాచ్‌లో ఆతిథ్య జట్టు గోల్ ఇవ్వకూడదన్న భయంతో ఆచితూచి ఆడుతుందని. ఇదీ కొంత నిజమే. ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, బాయెర్న్ మధ్య 0-0 చూసినవాళ్లు ఆ తొంభై నిమిషాలు మరిచిపోవాలనే అనుకుంటారు. కానీ ఆ 0-0 వల్లే మ్యూనిక్‌లో రెండో మ్యాచ్ అలా సాగింది. మానే మొదటి గోల్ కొట్టగానే బాయెర్న్‌కు రెండు గోల్స్ కావాల్సి వచ్చాయి. చివరికి లివర్‌పూల్ 3-1తో గెలిచింది. మొదటి మ్యాచ్‌లో పోగొట్టుకున్నది రెండో మ్యాచ్‌లో వడ్డీతో వచ్చింది.

నియమం పోయాక కూడా గొప్ప రాత్రులు వచ్చాయి, కాదనను. 2022లో రియల్ మాడ్రిడ్ వరసగా పీఎస్‌జీ, చెల్సీ, సిటీల మీద చేసింది అద్భుతం. సిటీతో సెమీస్‌లో 90వ నిమిషం వచ్చేదాకా మొత్తం మీద 3-5తో వెనకబడి, రోడ్రిగో కొట్టిన రెండు గోల్స్‌తో 5-5 చేసింది. పాత నియమం ఉంటే ఆ క్షణానికే రియల్ ఫైనల్‌లో ఉన్నట్టు లెక్క. మాంచెస్టర్‌లో వాళ్లు మూడు కొట్టారు, మాడ్రిడ్‌లో సిటీ కొట్టింది ఒకటే. మిగిలిన ఇంజురీ టైమ్‌లో సిటీ ప్రాణం పెట్టి దాడి చేయాల్సి వచ్చేది. దాని బదులు ఎక్స్‌ట్రా టైమ్ వచ్చింది, బెంజెమా పెనాల్టీతో ముగిసింది. ఫలితం అదే. కానీ రోడ్రిగో రెండో గోల్ తర్వాత నిమిషాల్లో సిటీకి ఆ తప్పనిసరి తెగింపు లేకపోవడం, అది నాకు కొరతగానే మిగిలింది.

ఈ నియమంలో నిజంగా అన్యాయం ఒకటుంది, అది ఎక్స్‌ట్రా టైమ్‌లో. రెండో మ్యాచ్ ఎవరి మైదానంలో జరిగితే వాళ్ల ప్రత్యర్థికి బయట గోల్ కొట్టడానికి ముప్పై నిమిషాలు ఎక్కువ దొరికేవి. మొదటి మ్యాచ్‌కు ఆ అవకాశం లేదు. 2019లో పోర్టో, రోమా ప్రిక్వార్టర్ అలా ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళ్లింది. అలెక్స్ టెల్లెస్ 117వ నిమిషంలో పెనాల్టీ కొట్టి పోర్టోను గట్టెక్కించాడు. అదే సమయంలో రోమా ఒకటి కొట్టి ఉంటే పోర్టోకు రెండు కావాల్సి వచ్చేవి. దానికి సమర్థన లేదు. తొంభై నిమిషాల వరకు అవే గోల్ లెక్కలోకి రావాలి, ఎక్స్‌ట్రా టైమ్ మొదలైతే గోల్ ఎక్కడ కొట్టినా ఒకటే కావాలి. యూఈఎఫ్ఏ ఈ చిన్న సవరణ చేసి ఉంటే సరిపోయేది. మొత్తం నియమాన్నే తీసేయాల్సిన పని లేదు.

2019 జూన్ 1న మాడ్రిడ్‌లో లివర్‌పూల్, టాటెన్‌హామ్ మధ్య జరిగిన ఫైనల్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మొదటి నిమిషంలోనే టాటెన్‌హామ్ ఆటగాడు సిస్సోకో చేతికి బంతి తగిలింది, సలా పెనాల్టీ కొట్టాడు. 87వ నిమిషంలో ఒరిగి రెండోది కొట్టాడు. లివర్‌పూల్ 2-0. ఒక్కటే మ్యాచ్, తటస్థ వేదిక, అవే గోల్ లేదు. తొందరగా గోల్ పడ్డాక ముందున్న జట్టు ఆటను బిగించేసింది.

నా వాదన వినగానే అయాక్స్ అభిమానులు అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు: మరి మా జట్టుకు జరిగింది న్యాయమేనా? ఆ జట్టు జూలైలో క్వాలిఫయింగ్ మ్యాచ్‌ల నుంచి మొదలుపెట్టి, ఆరు మ్యాచ్‌లాడి గ్రూప్‌లోకి వచ్చింది. 19 ఏళ్ల డి లిట్ కెప్టెన్. రియల్‌ను, యువెంటస్‌ను వాళ్ల మైదానాల్లోనే ఓడించింది. 1997 తర్వాత వాళ్లకు అదే మొదటి సెమీస్. ఇవాళ్టి నియమం ఉంటే ఆ రాత్రి 3-3 తర్వాత ఇంకో ముప్పై నిమిషాలు, తమ అభిమానుల ముందే ఆడే అవకాశం వచ్చేది. అది వాళ్లకు దక్కలేదు. ఆ బాధకు నా దగ్గర జవాబు లేదు. స్కోరు 2-2గా ఉన్నప్పుడు జియేష్ కొట్టిన షాట్ పోస్ట్‌కు తగిలి తిరిగొచ్చింది. అది లోపలికి వెళ్లి ఉంటే టాటెన్‌హామ్‌కు ఇంకో రెండు గోల్స్ కావాల్సి వచ్చేవి. ఆ వేసవిలోనే డి లిట్ యువెంటస్‌కు, డి యోంగ్ బార్సిలోనాకు వెళ్లిపోయారు. అయాక్స్ ఆ తర్వాత ఛాంపియన్స్ లీగ్ సెమీస్‌కు మళ్లీ రాలేదు.