మాత్ర వేసుకున్నాక డేట్ దాటితే

టెన్షన్‌లో ఉన్నవాళ్లకు సంపాదకీయం మొత్తం చదివే ఓపిక ఉండదు కాబట్టి అసలు మాట ముందే చెప్పేస్తాం. ఎమర్జెన్సీ పిల్ (కలిసిన తర్వాత గర్భం రాకుండా వేసుకునే మాత్ర) వేసుకున్న నెలలో డేట్ కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాకా, ముందుకో వెనక్కో జరగడం మామూలే. అనుకున్న తేదీకి వారం దాటినా రాకపోతే టెస్ట్ చేసుకోవాలి. లెక్క అంతే.

ఈ రెండు ముక్కలు మందుల షాపు కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు, మా కోపమంతా అక్కడే. మన దేశంలో ఈ మాత్రను డాక్టర్ చీటీ లేకుండా అమ్మడం 2005లోనే మొదలైంది, ఆ తర్వాత టీవీల్లో ప్రకటనలు హోరెత్తాయి, ఇప్పుడు చిన్న ఊరి షాపులో కూడా ఐ-పిల్ (ఈ మాత్ర బ్రాండ్లలో ఒకటి) అంటే ఏమీ అడగకుండానే తీసిస్తారు. కొనే అమ్మాయి పేరు పైకి చెప్పలేక ఫోన్‌లో ఫొటో చూపిస్తుంది, వెనక నిలబడినాయన తొంగి చూస్తాడు, షాపాయన పాత పేపర్లో చుట్టి (అది మా పేపరే అయినా కావచ్చు) చేతిలో పెట్టి చిల్లర లెక్కపెడతాడు. రేపు డేట్ రాకపోతే ఏం చేయాలో ఆమె అడగదు, ఆయన చెప్పడు.

ఇంతకీ డేట్ ఎందుకు జరుగుతుంది? అందులో ఉండేది లెవోనోర్జెస్ట్రెల్ అనే హార్మోన్, 1.5 మిల్లీగ్రాములు. అది చేసే ముఖ్యమైన పని అండం విడుదలను వాయిదా వేయడం. అండం ఆలస్యమైతే దాని వెనకే రావాల్సిన నెలసరి కూడా ఆలస్యమవుతుంది, అంటే ఆ ఆలస్యం మాత్ర ప్రభావం వల్లే కావచ్చు. నెలసరి చక్రం మొదట్లో వేసుకున్నవాళ్లకు ముందే వచ్చేయడమూ ఉంది. వేసుకున్న కొద్ది రోజులకు కాస్త మరకలా కనిపిస్తే అదే డేట్ అనుకుని నిశ్చింతగా ఉండిపోతారు కొందరు, అది నెలసరి కాకపోవచ్చు. మరికొందరు మర్నాడే కిట్ తెచ్చుకుని ఒక గీత చూసి ఊపిరి పీల్చుకుంటారు. ఆ గీతకు అర్థమే లేదు, అంత తొందరగా ఏ కిట్టూ చెప్పలేదు. కలిసిన రోజు నుంచి మూడు వారాలు గడిచాక చేసిన టెస్ట్‌ను నమ్మొచ్చు. ఆశా కార్యకర్త దగ్గర ఆ కిట్ ఉచితంగానే దొరకాలి.

మరో మూడు సంగతులు. మాత్ర మింగిన రెండు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వాడేవాళ్లకు దీని ప్రభావం తగ్గిపోతుంది, వాళ్లు డాక్టర్‌ను అడగాలి. కలిసిన అయిదు రోజుల్లోపు కాపర్-టి వేయించుకుంటే ఈ మాత్రకన్నా ఎంతో నమ్మకం. ఇక అందరూ మర్చిపోయేది: మాత్ర వేసుకున్నాం కదా అని మళ్లీ ధైర్యం చేయకూడదు. అది అండాన్ని ఆపేయలేదు, వాయిదా మాత్రమే వేసింది, తర్వాత జరిగేదానికి రక్షణ ఇవ్వదు.

డేట్ దాటిన ఆ నాలుగైదు రోజుల్లో చేసే పనులే మమ్మల్ని భయపెడతాయి. బొప్పాయి, నువ్వులు-బెల్లంతో పోతే పోనీ, కానీ 'రప్పించడానికి' అంటూ ఇంకో ఐ-పిల్ మింగడం, అదీ కాదంటే చీటీ లేకుండా అబార్షన్ కిట్ తెచ్చుకుని గర్భం ఉందో లేదో తెలియకుండానే వేసేసుకోవడం! ఈ రెండూ వేర్వేరు మందులు. ఐ-పిల్ అప్పటికే నిలిచిన గర్భాన్ని తీయదు, దానికి హానీ చేయదు. అబార్షన్ మందు డాక్టర్ పర్యవేక్షణలో, తొమ్మిది వారాల లోపు వాడాల్సింది, చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం. డేట్ దాటి పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఎవరేమనుకున్నా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇదంతా విని, అయితే ఈ మాత్రను చీటీ ఉంటేనే అమ్మాలి అనేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. 72 గంటల్లో వేసుకోవాల్సిన మందు, ఎంత ముందు వేసుకుంటే అంత మంచిది. శనివారం రాత్రి కండోమ్ చిరిగితే సోమవారం దాకా డాక్టర్ కోసం కూర్చోమంటారా? ఇది పెళ్లికాని అమ్మాయిల గొడవ అన్నట్టు మాట్లాడటం కూడా మానేస్తే బాగుంటుంది, ఇద్దరు పిల్లల తల్లులకూ ఇదే అవసరం పడుతుంది. నెలనెలా దీని మీదే ఆధారపడుతున్నవాళ్లకు గర్భం రాకుండా అంతర ఇంజెక్షన్ మూడు నెలలకోసారి, ఛాయ, మాలా-ఎన్ మాత్రలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం అని చెప్పాలి. తిట్టడం ఎందుకు?

టెస్ట్‌లో రెండు గీతలు వచ్చినా దారి మూసుకుపోదు. గర్భనిరోధకం విఫలమైందన్న కారణంతో 20 వారాల దాకా, ఒక డాక్టర్ అభిప్రాయంతో గర్భస్రావం చేయించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది; 2021 సవరణ తర్వాత ఈ వీలు పెళ్లికానివాళ్లకూ వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి చాలు. భర్త సంతకం తెమ్మని వెనక్కి పంపే ఆసుపత్రులు ఏ చట్టం ప్రకారం పంపుతున్నాయో వైద్య ఆరోగ్య శాఖ వాటినే అడగాలి. అలాగే ఐ-పిల్ అమ్మే ప్రతి షాపులోనూ పెట్టెతో పాటు ఒక తెలుగు చీటీ ఇవ్వాలని రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించాలి: వాంతి అయితే ఏం చేయాలి, డేట్ ఎన్ని రోజులు జరగొచ్చు, టెస్ట్ ఎప్పుడు, ఏ నొప్పికి ఆసుపత్రికి పరిగెత్తాలి. అరచేతిలో పట్టేంత కాగితం చాలు.