గుర్రం, తుపాకీ, ఓ ఆడపిల్ల

ఇంద్రో మోంతనెల్లి పేరు మనలో చాలామంది విని ఉండరు. ఇటలీలో మాత్రం పేపర్లో కాలమ్ రాసేవాళ్ళకి పెద్ద దిక్కు లాంటి మనిషి. 1909లో పుట్టాడు, 2001లో పోయాడు, దాదాపు చివరిదాకా రాస్తూనే ఉన్నాడు. పిరికివాడు కాదు, అది ముందే ఒప్పేసుకుంటా. 1977 జూన్ 2న మిలాన్‌లో పార్కు పక్కన వెళ్తుంటే రెడ్ బ్రిగేడ్స్ అనే అతివాద వామపక్ష సాయుధ ముఠా వాళ్ళు కాళ్ళ మీద కాల్చారు, కింద పడకుండా పార్కు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఏళ్ళ తరబడి పనిచేసిన కొరియెరె దెల్లా సెరా పేపర్ మర్నాడు హెడ్డింగులో ఆయన పేరు కూడా వేయలేదు! అప్పటికి పోటీ పేపర్ ఎడిటర్ మరి. 1974లో తనే పెట్టిన ఆ పోటీ పేపర్ ఇల్ జోర్నాలేని కూడా, దాని వెనక ఓనర్‌గా ఉన్న వ్యాపారి బెర్లుస్కోనీ రాజకీయాల్లోకి దిగగానే, 84 ఏళ్ళ వయసులో వదిలేసి వచ్చేశాడు. హెడ్డింగ్ చూసి ఓనర్‌ది ఏ పార్టీయో చెప్పేసే మనకి ఇది విడ్డూరమే. తర్వాత లా వోచె అని ఇంకో పేపర్ పెట్టాడు, ఏడాదికే మూతపడింది. మళ్ళీ కొరియెరెకే వచ్చి పాఠకుల ఉత్తరాలకి జవాబులు రాస్తూ కూర్చున్నాడు.

అందరికీ జవాబు చెప్పేవాడే. ఒక్క మనిషికి తప్ప.

1935లో ఇటలీ నియంత ముస్సోలినీ ఇథియోపియా మీదికి సైన్యాన్ని పంపినప్పుడు ఈయన వాలంటీరుగా వెళ్ళాడు. అక్కడ ఒక పిల్లని భార్య పేరుతో తెచ్చుకున్నాడు. ఎవరో శత్రువులు తవ్వి తీసిన సంగతి కాదిది, టీవీలో తనే చెప్పుకున్నాడు. గుర్రం, తుపాకీ, పిల్ల, అన్నీ కలిపి 500 లీరాలట, అంటే అప్పటి ఇటలీ డబ్బుల్లో. బజారుకెళ్ళి వచ్చిన మనిషి ఇంట్లో లెక్క చెప్పినట్టే ఉంటుంది. 1969లో టీవీ స్టూడియోలో ఎల్విరా బనోత్తి అనే జర్నలిస్టు, ఆవిడ పుట్టిందే ఇథియోపియా పక్కనున్న ఎరిత్రియాలోని అస్మారాలో, లేచి అడిగింది: యూరప్‌లో 12 ఏళ్ళ పిల్లతో ఇదే చేస్తే అత్యాచారం అంటారు కదా, అక్కడైతే తేడా ఏంటి? ఈయన కాస్త ఇబ్బందిపడి, అక్కడ ఆ వయసుకే పెళ్ళిళ్ళు అవుతాయి అన్నాడు. అంతే. 2000లో మళ్ళీ అదే కథ పేపర్లో రాసినప్పుడు పిల్ల వయసు 14 అయింది. కుర్ర రిపోర్టరెవరైనా ఇలా రాసుకొస్తే ఈయనే కాగితం మొహాన కొట్టేవాడు.

'ఆ కాలం అలాంటిది' అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది ఇందుకే. 1935 ఆ కాలం, సరే. 2000 కూడా ఆ కాలమేనా? ఓనర్‌ని ఎదిరించిన మనిషికి, తప్పు చేశాను అని రెండు ముక్కలు రాయడానికి 60 ఏళ్ళు చాలలేదా?

కాల్పులు జరిగిన ఆ పార్కుకి ఇప్పుడు ఆయన పేరే. లోపల కంచు విగ్రహం, ఒళ్ళో టైప్‌రైటర్. 2019లో గులాబీ రంగు పోశారు, 2020లో ఎర్ర రంగు పోసి రేసిస్టు, రేపిస్టు అని రాశారు, రెండుసార్లూ కడిగేశారు. కడగనివ్వండి, పడగొట్టమని నేనూ అనను. కింద 'జర్నలిస్టు' అని ఉంది కదా, పక్కన ఇంకో రాయి పెట్టి టీవీలో ఆయన అన్న మాటలే, ఆ 500 లీరాలతో సహా, చెక్కించండి. కొత్తగా ఎవరూ ఏమీ రాయక్కర్లేదు.