21 గ్రాముల ఆత్మ: ఆ డాక్టరే అనని మాట

"మనిషి ప్రాణం పోగానే సరిగ్గా 21 గ్రాముల బరువు తగ్గుతుంది. అదే ఆత్మ బరువు. అమెరికా డాక్టర్ నిరూపించాడు. కుక్కలకు తగ్గలేదు. మన శాస్త్రాలు ఎప్పుడో చెప్పిందే ఇది."

ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ ఇది. మా డిగ్రీ విద్యార్థులు మరణం మీద ప్రాజెక్టు చేస్తే ఫిజిక్స్, తెలుగు, సోషియాలజీ పిల్లలు ముగ్గురూ దీన్ని రుజువైన విషయంలా రాసుకొచ్చారు. అది చూసి నాకు బాధేసింది.

ముందుగా "నిరూపించాడు" అన్న మాట. ఆయన పేరు డంకన్ మెక్‌డూగల్, మసాచుసెట్స్‌లోని హేవర్‌హిల్ ఊరి డాక్టర్. 1901లో మొదలుపెట్టి, చావుకు దగ్గరైన ఆరుగురిని మంచంతో సహా త్రాసు మీద ఉంచి తూచాడు. ఫలితాలు 1907లో అచ్చయ్యాయి. ముప్పావు ఔన్సు, అంటే సుమారు 21 గ్రాములు, ఒక్కసారిగా తగ్గింది మొదటి మనిషికి మాత్రమే. రెండో మనిషి ఎప్పుడు చనిపోయాడో తేల్చడమే కష్టమైంది. ఊపిరి ఆగాక కూడా పావుగంట దాకా ముఖ కండరాలు కదులుతూనే ఉన్నాయి. మూడో మనిషికి కొంత తగ్గి, కొన్ని నిమిషాలకు ఇంకా తగ్గింది. ఐదో మనిషికి తగ్గిన బరువు మళ్లీ వచ్చింది. మిగతా ఇద్దరి లెక్కలు పనికిరావని ఆయనే పక్కన పెట్టాడు. ఆరుగురిలో ఒక్కరి అంకె "ఆత్మ బరువు" ఎలా అవుతుంది? ఇంకా చాలా ప్రయోగాలు చేస్తే తప్ప రుజువైనట్టు కాదని మెక్‌డూగలే రాశాడు. మెసేజ్ ఆ మాటను మింగేసింది.

తగ్గుదలకు ఆత్మ తప్ప వేరే కారణం లేదా? మొదటి రోగి బతికుండగానే చెమట, ఊపిరి తేమ వల్ల గంటకు ఔన్సు చొప్పున, అంటే సుమారు 28 గ్రాములు తగ్గుతున్నాడని ఆయనే నమోదు చేశాడు. ఊపిరి ఆగితే ఊపిరితిత్తులు రక్తాన్ని చల్లబరచవు, ఒళ్లు కాసేపు వేడెక్కి చెమట పెరుగుతుందని అగస్టస్ క్లార్క్ అనే మరో డాక్టర్ అప్పుడే అభ్యంతరం చెప్పాడు. రక్త ప్రసరణ కూడా ఆగిపోతుంది కదా అని మెక్‌డూగల్ జవాబిచ్చాడు. ఆ వాదన తేలనే లేదు.

కుక్కల సంగతికొస్తే, తూచినవి 15. జబ్బుతో చావబోయే కుక్కలు దొరకలేదని ఆయనే ఒప్పుకున్నాడు. పైగా కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. క్లార్క్ వాదన ప్రకారం బరువు తగ్గకపోవడమే సహజం.

ఇక శాస్త్రాల పేరు వాడుకోవడం నన్ను ఎక్కువ నొప్పించింది. ఆయుధాలు నరకలేవు, అగ్ని కాల్చలేదు, నీరు తడపలేదు అని గీత రెండో అధ్యాయం ఆత్మ గురించి చెబుతుంది. అలాంటిదాన్ని త్రాసులో పెట్టి తూచామంటే గీతను సమర్థించినట్టా, కాదన్నట్టా? కఠోపనిషత్తులో నచికేతుడు కూడా విద్యార్థే. చనిపోయాక ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటారు, నిజం చెప్పమని యముణ్ణే అడిగాడు. బదులుగా యముడు ఇస్తానన్న ఏనుగులూ బంగారమూ వద్దన్నాడు. అంత పట్టుదలగా అడిగిన ప్రశ్నకు మనం వాట్సాప్ జవాబుతో సరిపెట్టుకుంటున్నాం.

ముగ్గురినీ ఆ వాక్యం కొట్టేయమన్నాను. దాని స్థానంలో ఆరుగురి ఫలితాలతో పట్టిక గీయమన్నాను, పక్కన ఇద్దరు డాక్టర్ల వాదనా రాసి.