ఆస్పత్రి గోడ మీది చార్టు గారికి

మహారాజశ్రీ ఆర్గనైజేషన్ చార్టు గారికి,

సూపరింటెండెంటు గది బయట అద్దాల ఫ్రేములో మీరు క్షేమమని తలుస్తాను. పైన సూపరింటెండెంటు, ఆయన కింద ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు), ఆ కింద విభాగాధిపతులు, హెడ్ నర్సులు, అట్టడుగున నాలుగో తరగతి సిబ్బంది. గీతలన్నీ పైనుంచి కిందికే. చూడముచ్చటగా ఉన్నారు. ఏ ఆస్పత్రో చెప్పను లెండి. శ్రీకాకుళం జిల్లాలో మీలాంటివారు చాలామందే వేలాడుతున్నారు.

మా చిన్నాన్నది కిడ్నీ జబ్బులకి పేరుమోసిన ఉద్దానంలోని కవిటి. ఉద్దానం మనిషంటే బాగోగులకన్నా ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష లెక్క) ఎంతని అడిగే రోజులు. ఆయన్ని డయాలసిస్‌కి తెచ్చినప్పుడు మీ గీతలు పట్టుకునే నడిచాను. పై గడి మీటింగులో ఉంది. దాని కింది గడి సెలవులో ఉంది. ఆ కిందిది ‘నాకు సంబంధం లేదు’ అంది. చివరికి మందుల క్యూలో నా వెనక నిలబడ్డ సోంపేటావిడ చెప్పింది: “ఆ గదికెందుకు బాబూ? సాయంత్రం డ్యూటీ సిస్టరమ్మని కలవండి. మిషను ఖాళీ అయితే ముందు ఆవిడకే తెలుస్తాది.” పని అయిపోయింది.

దగ్గరివాళ్ళకి తెలిసింది చాలావరకు మనకీ తెలిసే ఉంటుందని, కొత్త కబురు తెచ్చేది ముఖపరిచయస్తులేనని 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాశాడు. సోంపేటావిడకి నాతో ముఖపరిచయం కూడా లేదు.

అప్పట్నుంచి మీ వెనకున్న రెండో ఆస్పత్రిని, అంటే గీతల మీద కాక పరిచయాల మీద నడిచేదాన్ని, గమనిస్తున్నాను. ల్యాబ్ టెక్నీషియనూ, బ్లడ్ బ్యాంకు కుర్రాడూ ఒకే ఊరివాళ్ళు. మెమో మీద రోజులు పట్టే కబురు వాళ్ళ మధ్య టీ తాగేలోపు చేరిపోతుంది. గేటు మీద ఇంకా పాత పేరుతోనే ‘ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆస్పత్రి’ అని పెద్దక్షరాలున్నాయి. ఆ నెట్‌వర్కుకీ పేషెంటుకీ నడుమ కూర్చునే ఆరోగ్యమిత్రకి మీ దగ్గర గడే లేదు. కేసుని ఊరినుంచి వెంటబెట్టుకొచ్చిన ఆశా కార్యకర్త సంగతి సరేసరి.

మొన్న మీ పెద్దలు ‘నెట్‌వర్కింగ్’ మీద శిక్షణ పెట్టారట. డాక్టర్లు డాక్టర్ల పక్కన, నర్సులు నర్సుల పక్కన కూర్చుని, సమోసాలు తిని, ఫొటో దిగి, వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారట. ఇప్పుడందులో గుడ్‌మార్నింగులకు లోటు లేదు.

మీ రెండో ఆస్పత్రి స్వర్గమని నేననను. మందస కొండల మీంచి వచ్చిన సవర గిరిజన ముసలాయనకి అందులో ఒక్క ముఖమూ తెలీదు. ఆయన చెప్పేది డాక్టరుకి అర్థం కాదు. వార్డు ఊడ్చే కుర్రాడికి సవర భాష వచ్చు కాబట్టి చీపురు పక్కన పెట్టి రోగం ఏమిటో అతనే చెప్పాడు. మీలో అతనిది ఆఖరి గడి, అది కూడా పేరు లేకుండా.

సూపరింటెండెంటు మారితే మీలో ఒక పేరు చెరిపి ఇంకోటి రాస్తారు, ఆస్పత్రి మామూలుగానే నడుస్తుంది. మా సిస్టరమ్మకి ఈ బదిలీల్లో పాడేరు పడింది. ఎవరికి ఏ బస్సు తప్పితే ఎవరిని ముందుకు జరపాలి, మిషను మొరాయిస్తే ఏ మెకానిక్కు ఫోనెత్తుతాడు, అన్నీ ఆవిడతోపాటే బస్సెక్కాయి. డయాలసిస్ గది ముందు గొడవలు మొదలయ్యాయి. మీ మీద ఒక్క గీతా కదల్లేదు.

మిమ్మల్ని దించమని అడగను, ఫ్రేముకి ఖర్చు పెట్టారు. కింద కాస్త జాగా ఉంది కదా, క్యాంటీన్ వైపు ఒక బాణం గుర్తు వేయించుకోండి. ఎవరిని కలవాలో అక్కడ టీ పోసే మనిషి చెప్తాడు.

ఇట్లు,
పేషెంటు తాలూకు